మహమ్మారి కాలములో సాంఘిక శాస్త్రము – కరీంనగర్, ఆదిలాబాద్ నేర్పిన పాఠములు

2020వ సంవత్సరము మార్చి 14వ తేదీన ఢిల్లీ నుండి వచ్చిన సంపర్క్ క్రాంతి రైలు రామగుండము స్టేషనులో ఆగినది. ఇండోనేషియా దేశస్థులైన కొందరు మతప్రచారకులు ఆ రైలు దిగి కరీంనగర్ చేరినారు. నాలుగైదు దినములలోనే వారిలో పలువురికి కోవిడ్-19 వ్యాధి సోకినదని పరీక్షలలో తేలినది. అప్పటికి తెలంగాణ రాష్ట్రమంతటను వ్యాధిగ్రస్తులు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందియే ఉండిరి. ఒక్క దినములో కరీంనగర్ పేరు దేశమంతట వినిపించినది. సుమారు నూరు వైద్య బృందములు కలెక్టరు కార్యాలయమునకు చుట్టుప్రక్కల నున్న వీధులలో ఇల్లిల్లు తిరిగినవి.

ఆ బృందముల చేతిలో ఏమి ఉండెను? టీకా అప్పటికి లేదు. వ్యాధిని నయము చేయు మందు లేదు. వారి చేతిలో ఉన్నవి కాగితము, కలము, కొన్ని ప్రశ్నలు. ఇంటిలో ఎందరు ఉన్నారు? విదేశమునుండి ఎవరైనా వచ్చినారా? జ్వరము, దగ్గు ఎవరికైనా కలవా? ఎవరిని కలిసికొన్నారు? ఇట్టి ప్రశ్నలు రోగిని పరీక్షించు వైద్యుని ప్రశ్నలకంటె జనాభా లెక్కలు వ్రాయువాని ప్రశ్నలకు దగ్గరగా ఉన్నవి. మందు లేని వ్యాధిని ఎదుర్కొనుటకు ప్రభుత్వమునకు దొరికిన మొదటి ఆయుధము మనుష్యులను గూర్చిన సమాచారము.

సూక్ష్మజీవి ఎట్లుండునో, శరీరములో ఎట్లు పెరుగునో ప్రయోగశాల చెప్పగలదు. కాని సూక్ష్మజీవికి కాళ్లు లేవు. అది మనుష్యుల కాళ్లతోనే నడచును. పెండ్లికి, సంతకు, జాతరకు, కూలికి, చదువుకు వారు పోవు దారుల వెంటనే పోవును. ఆ దారులను తెలుపునవి జనాభా శాస్త్రము, అర్థశాస్త్రము, సమాజశాస్త్రము, మానవశాస్త్రము. వీటినన్నిటిని కలిపి సాంఘిక శాస్త్రములు అందుము. ఇవి ప్రభుత్వమునకు ఎట్లు తోడ్పడినవి, వీటి మాట వినని చోట ఏమి నష్టము కలిగినది అనునది తెలిసికొనదగిన చరిత్ర. ఆ చరిత్రలో ఉత్తర తెలంగాణకు ఒక ప్రత్యేక స్థానము కలదు.

వైద్యుడు, మతగురువు, ఒక నీటి పంపు

1848లో ప్రష్యా రాజ్యములోని ఎగువ సైలీషియా ప్రాంతమున టైఫస్ జ్వరము ప్రబలి వేలాది మంది మరణించినారు. పరిస్థితిని పరిశీలించి నివేదిక పంపుమని ప్రభుత్వము రుడాల్ఫ్ విర్కో అను 26 ఏండ్ల వైద్యుని పంపినది. అతడు అచ్చట సుమారు మూడు వారములు తిరిగినాడు. రోగుల శరీరములను మాత్రమే గాక వారి ఇండ్లను, ఆహారమును, కూలి రేట్లను, చదువును పరిశీలించినాడు. అతడు సూచించిన చికిత్స మందులు కాదు. విద్య, స్వపరిపాలన, మంచి జీవనోపాధి. ఆ ప్రజల భాష పోలిష్, అధికారుల భాష జర్మన్. కావున పోలిష్ భాషను అధికార భాషగా గుర్తింపవలెనని కూడ అతడు కోరినాడు. జ్వరమునకు, భాషకు సంబంధమేమని ప్రష్యా అధికారులు ఆశ్చర్యపడి ఉండవచ్చును. ఆ సంబంధమేమో ఆదిలాబాద్ అడవులకు వచ్చినప్పుడు స్పష్టమగును.

ఆరేండ్ల పిమ్మట, 1854 ఆగస్టు చివర, లండను నగరములోని బ్రాడ్ వీధి ప్రాంతములో కలరా వ్యాపించినది. ఆరువందలమందికి పైగా మరణించినారు. ఈ వ్యాధినే మన తెలంగాణ పల్లెలలో పెద్దలు గత్తర అని పిలిచెడివారు. డాక్టరు జాన్ స్నో చనిపోయినవారి ఇండ్లను గుర్తించి, వారిలో అధికులు ఒకే పంపు నీరు త్రాగినారని చూపినాడు. ఆ పేటలోని హెన్రీ వైట్‌హెడ్ అను యువ మతగురువు మొదట ఈ మాట నమ్మలేదు. స్నో చెప్పినది తప్పని నిరూపింపదలచి అతడు స్వయముగా విచారణ ప్రారంభించినాడు. ఆ పేటలో ఎవరింట ఎవరున్నారో, ఊరు విడిచి ఎవరెటు పోయినారో అతనికి తెలియును. జనులు అతనితో మనసు విప్పి మాట్లాడుదురు. తుదకు పంపు ప్రక్కనున్న ఇంటిలో ఒక పసిబిడ్డకు ముందుగా వ్యాధి వచ్చినదనియు, ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీరు పోసిన మురుగు గుంట పంపు బావికి ఆనుకొని ఉన్నదనియు కనుగొన్నవాడు అతడే. స్నోకు సిద్ధాంతము కలదు. వైట్‌హెడ్‌కు ప్రజలతో పరిచయము కలదు. రెండును కలిసిన తరువాతనే నిజము పూర్తిగా తేలినది.

పూనా చేసిన హెచ్చరిక

మన దేశములో ఈ రెండింటిని విడదీసినప్పుడు ఏమి జరిగినదో 1897వ సంవత్సరము చూపినది. 1896 సెప్టెంబరులో బొంబాయిలో ప్లేగు కనిపించినది. 1897 ఫిబ్రవరిలో బ్రిటిషు ప్రభుత్వము అంటువ్యాధుల చట్టమును చేసినది. పూనాలో వాల్టర్ రాండ్ అను అధికారి క్రింద సైనికులు ఇండ్లలో ప్రవేశించి రోగుల కొరకు వెదకినారు. సామానులు వీధిలో వేసినారు. పరదా, మడి, పూజాగృహము అను భేదము పాటింపలేదు. రోగులను ఆసుపత్రికిని, ఇంటివారిని శిబిరములకును తరలించినారు. ప్రజలు ప్లేగుకంటె ప్లేగు అధికారులకే అధికముగా భయపడినారు, రోగులను దాచిపెట్టినారు. జూన్ 22న చాపేకర్ సోదరులు రాండ్‌పై కాల్పులు జరిపినారు. అతడు జూలై 3న మరణించినాడు. తరువాతి సంవత్సరములలో ప్రభుత్వము నిర్బంధమును సడలించి, స్థానిక పెద్దల ద్వారా పని చేయు పద్ధతికి దిగివచ్చినది.

ఇల్లు వెదకుటయే తప్పు కాదు. 2020లో కరీంనగర్‌లోను ఇల్లిల్లు తిరిగినారు. భేదమంతయు తలుపు తట్టువాడు ఎవరు, అతడు ఏ భాషలో అడుగును, నిజము చెప్పినవానికి ఏమి జరుగును అను విషయములలో ఉన్నది. ఈ మూడును సాంఘిక శాస్త్రము అడుగు ప్రశ్నలు.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మరియొక లోపమును బయటపెట్టినది. గ్రామములలో చావులు వ్రాయవలసిన పటేలు, పట్వారీలే మంచమెక్కినారు. కొన్ని చోట్ల మరణించినారు. అందుచేత ఎందరు చనిపోయినదియు అప్పటికప్పుడు ఎవరికిని తెలియలేదు. దేశములో సుమారు 60 లక్షలమంది మరణించి ఉందురని తొలుత అధికారులు అంచనా వేసినారు. 1921 జనాభా లెక్కలు వచ్చిన తరువాతనే ఆ నష్టము యొక్క విస్తారము తెలిసినది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు కలిసియున్న హైదరాబాదు సంస్థాన జనాభా 1911లో 1 కోటి 33 లక్షల 74 వేలు. 1921 నాటికి అది 1 కోటి 24 లక్షల 71 వేలకు తగ్గినది. పెరుగవలసిన జనాభా పదేండ్లలో తొమ్మిది లక్షలు తరిగినది. ఇన్‌ఫ్లుయెంజాతోపాటు ప్లేగు, కరవు కూడ ఇందుకు కారణములు. దేశమంతటికిని ఇన్‌ఫ్లుయెంజా మృతుల సంఖ్య 1 కోటి 40 లక్షలు మొదలుకొని 1 కోటి 80 లక్షల వరకు ఉండునని తరువాతి జనాభా శాస్త్రజ్ఞులు లెక్కించినారు. కింగ్స్‌లీ డేవిస్ 1951లో ప్రకటించిన గ్రంథము ఆ సంఖ్యను రెండు కోట్లకు చేరువగా చూపినది. చావులను గుర్తించుటకే సంవత్సరములు పట్టినప్పుడు, బ్రతికియున్నవారికి సకాలములో సహాయము ఎట్లు అందును?

మార్లవాయి గ్రామములో ఒక ప్రయోగము

ప్రజలను తెలిసికొనిన తరువాత ఆజ్ఞ చేయుట అను మార్గమును ఉత్తర తెలంగాణ 1940 ప్రాంతముననే చూచినది. అచ్చట ఆపద వ్యాధి రూపములో రాలేదు. భూమి, అడవి విషయములో వచ్చినది. అయినను ప్రజల సంగతి ప్రభుత్వమునకు చేరు దారి ఎట్టిదో తెలిసికొనుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము మన ప్రాంతములో లేదు.

ఆదిలాబాద్ అడవులలో గోండులు, కొలాములు, పరధానులు, తోటీలు, నాయకపోడులు నివసింతురు. ఇరువదవ శతాబ్ది మొదటి భాగములో రిజర్వు అడవుల హద్దులు గీయబడినవి. తరతరాలుగా దున్నుకొను భూమి ఆ హద్దుల లోపల పడిపోయినది. పట్టా పొందు పద్ధతి తెలిసిన బయటివారు వచ్చి మంచి నేలలను తమ పేర వ్రాయించుకొన్నారు. గోండులకు తెలిసిన భాష గోండీ. కచ్చేరీ భాష ఉర్దూ. వారి మొర కచ్చేరీ గడప దాటలేదు. కొమరం భీము నాయకత్వమున గోండులు తిరుగుబాటు చేసినారు. 1940లో జోడేఘాట్ వద్ద పోలీసుల కాల్పులలో భీము, అతని అనుచరులు కొందరు మరణించినారు.

కాల్పులు శబ్దమును అణచినవి గాని కారణమును తొలగింపలేదు. ఆ కారణమును తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము ఒక పరిశోధకుని సహాయము తీసికొన్నది. అతడు వియన్నాలో 1909లో జన్మించిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు. రెండవ ప్రపంచయుద్ధ కాలములో శత్రుదేశీయుడుగా ఎంచబడి హైదరాబాదు సంస్థానములో ఉండవలసి వచ్చినవాడు. అతడును, అతని భార్య బెట్టీయు మార్లవాయి గ్రామములో గోండుల మధ్య నివాసమేర్పరచుకొన్నారు. ఈ గ్రామము ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలములో ఉన్నది. వారు గోండుల వ్యవసాయమును, వంశములను, దేవతలను, పంచాయతీలను, అప్పులను గూర్చి దగ్గరగా చూచి వ్రాసికొన్నారు. ఏ పొలము ఎవరి చేతినుండి ఎవరి చేతికి ఎట్లు పోయినదో విచారించినారు.

ఆ విచారణ నివేదికల రూపమున ప్రభుత్వమునకు చేరినది. 1945లో రెవిన్యూ శాఖయే వాటిని గ్రంథముగా ప్రకటించినది. ఇచ్చట ఒక విశేషము గమనింపవలెను. అప్పటి రెవిన్యూ మెంబరు డబ్ల్యు. వి. గ్రిగ్‌సన్ స్వయముగా బస్తరు మారియా గోండులను గూర్చి 1938లో గ్రంథము ప్రకటించినవాడు. అనగా నివేదిక వ్రాయువాడు ఉండుట మాత్రమే చాలదు. దానిని చదివి అర్థము చేసికొనువాడు అధికార పీఠముపై ఉండవలెను. హైదరాబాదులో కొంతకాలము ఈ రెండును ఒక్కచోట కూడినవి.

ఫలితములు త్వరలోనే కనిపించినవి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము ప్రారంభమైనది. దేవనాగరి లిపిలో గోండీ వాచకములు తయారైనవి. అచ్చట చదివినవారు ఉపాధ్యాయులైనారు, కొందరు చిన్న ఉద్యోగులైనారు. వేలాది ఆదివాసి కుటుంబములకు లక్ష ఎకరములకు మించిన భూమిపై పట్టాలు లభించినవి. 1356 ఫసలీలో, అనగా 1946 ప్రాంతమున, గిరిజన ప్రాంతముల నిబంధన వచ్చినది. కేస్లాపూరు నాగోబా జాతరకు వేలాది గోండులు ఎట్లును కూడుదురు. అధికారులే అచ్చటికి వచ్చి వారి మొరలు వినునట్టి దర్బారు పద్ధతి ఆ దశకములోనే నెలకొన్నది. ప్రజలు కచ్చేరీకి పోవుటకు మారుగా కచ్చేరీయే జాతరకు వచ్చినది.

విర్కో సైలీషియాలో చెప్పిన మాటకు ఇచ్చట అర్థము దొరకును. తన భాషలో నాలుగక్షరములు నేర్చినవాడు, తన భూమికి కాగితము ఉన్నవాడు, తన మొర ఒకసారి ఆలకింపబడినవాడు ప్రభుత్వోద్యోగిని చూచి అడవిలోనికి పరుగెత్తడు. రేపు ఆ ఉద్యోగి టీకా మందు తెచ్చినను, మలేరియా మాత్రలు తెచ్చినను గుడిసె ముందు నిలిచి వినును. విశ్వాసము అను వస్తువును వ్యాధి వచ్చిన దినమున తయారు చేయుటకు వీలు లేదు. దానిని ముందే కూడబెట్టి ఉంచవలెను.

అయితే ఈ కథ ఇచ్చటితో ముగియలేదు. తరువాతి దశకములలో బయటివారి వలస పెరిగినది. గిరిజనుల భూమి ఇతరులకు బదిలీ కాకుండ 1959లో నిబంధన చేసి, 1970లో దానిని మరింత కట్టుదిట్టము చేసినను అమలు బలహీనముగానే ఉండెను. హైమన్‌డార్ఫ్ 1970 తరువాత తిరిగి వచ్చి చూచినప్పుడు, తాను ఎరిగిన గోండులలో అనేకులు భూమిని కోల్పోయియున్నారు. ఈ విషయమును 1982లో వెలువడిన గ్రంథములో అతడు వివరించినాడు. అంతకు ముందే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై పోలీసు కాల్పులు జరిగినవి, ప్రాణనష్టము కలిగినది. నలుబది యేండ్లకు పూర్వము గ్రంథస్థమైన పాఠము మరచిపోబడినది. పరిశోధన ఫలితము ఒకసారి అమలుపరచి విడిచిపెట్టు మందు కాదు. చేనికి నీరు వలె అది ఎప్పటికప్పుడు పారుచుండవలెను. బెట్టీ 1987లో మరణించగా ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసినారు. 1995లో లండనులో మరణించిన హైమన్‌డార్ఫ్ అస్థికలు 2012లో ఆ ప్రక్కకే చేరినవి.

తెలిసియు వాడని లెక్కలు

ఈ దృష్టితో తిరిగి 2020కి వచ్చి చూచినచో, ఆ సంవత్సరపు మేలుకీడులు చక్కగా అర్థమగును. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములనుండి అనేకులు గల్ఫ్ దేశములకు కూలికి పోయి వచ్చుచుందురు. సిరిసిల్ల నేతపనివారికి భివండి, సూరత్ నగరములతో తరతరాల సంబంధము కలదు. ఇట్టి జిల్లాలో విదేశమునుండి ఎవరు వచ్చినారను ప్రశ్న సరియైన ప్రశ్న. దానిని ఇంటింటను అడుగుట సరియైన పద్ధతి.

కాని దేశమునకంతకు చేసిన ఆజ్ఞలో ఇట్టి జాగ్రత్త కనిపింపలేదు. 2020 మార్చి 24 రాత్రి దేశమంతట రాకపోకలు నిలిపివేయబడినవి. ఎవరి ఇంటిలో వారు ఉండవలెనని ఆజ్ఞ. అయితే ఇల్లు ఎచ్చటనో ఉన్నవాని సంగతి ఏమి? ఇది ఎవరును ఊహింపలేని ప్రశ్న కాదు. 2017 జనవరిలో వెలువడిన కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సర్వే రైలు టికెట్ల లెక్కలను పరిశీలించి, ఏటా సుమారు 90 లక్షలమంది పని కొరకు రాష్ట్రములు దాటి పోవుచున్నారని చూపినది. అదే సంవత్సరము వలసలపై ఒక కార్యవర్గము, వలస పోయిన చోటనే రేషను దొరకు ఏర్పాటు చేయవలెనని సిఫారసు చేసినది. లెక్క కలదు, సలహా కలదు. ఆజ్ఞ వ్రాయునప్పుడు ఆ పుటలు ఎవరి ముందును తెరచియున్నట్లు తోచదు.

దాని ఫలితము ఆదిలాబాద్ ప్రజలు కన్నులార చూచినారు. హైదరాబాదునుండి నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా నాగపూరు పోవు 44వ జాతీయ రహదారిపై కూలీలు పిల్లలను చంకనెత్తుకొని మండుటెండలో ఉత్తరమునకు నడచినారు. దారి ప్రక్క గ్రామములవారు వారికి అన్నము, నీరు ఇచ్చినారు. రాష్ట్ర ప్రభుత్వము వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ప్రకటించినది. దేశములో వలస కూలీల కొరకు మొదటి ప్రత్యేక రైలు మే 1న తెలంగాణలోని లింగంపల్లినుండి ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరినది. మార్చి 24కును మే 1కిని నడుమ 37 దినములు గడచినవి. లెక్కలు ముందుగా చదివియున్నచో ఆ దినములలో ఎన్ని పాదములు బొబ్బలెక్కకుండ ఉండెడివో ఆలోచింపవలెను.

ఇల్లు అను మాటలో మరియొక చిక్కు కలదు. వ్యాధి సోకినవాడు వేరు గదిలో ఉండవలెనని వైద్యులు చెప్పినారు. ఈ సలహా శాస్త్రీయమే. కాని 2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో నూటికి సుమారు 37 కుటుంబములు ఒకే గదిలో కాపురముండెను. వేరు గది వారికి ఎచ్చటినుండి వచ్చును? 2021 మే నెలలో నల్లగొండ జిల్లాకు చెందిన ఒక యువకుడు ఇంటిలో వేరు గది లేక, తనవారికి వ్యాధి సోకకుండ ఇంటి ఆవరణలోని చెట్టుపై మంచము కట్టుకొని 11 దినములు గడిపినాడు. ఆ సమయముననే తెలంగాణలో ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు ఇల్లిల్లు తిరిగి జ్వర సర్వే చేసి, లక్షణములున్నవారికి మందుల సంచులు ఇచ్చినారు. ఊరి ఆడపడుచు వంటి కార్యకర్త తలుపు తట్టినప్పుడు జనులు దాచక చెప్పినారు. పూనా సైనికునికి తెరవని తలుపు ఆమెకు తెరచుకొన్నది.

2020 మార్చిలో తెలంగాణలో అనేక గ్రామములవారు పొలిమేరలో ముళ్లకంప అడ్డము వేసి రాకపోకలు ఆపినారు. గత్తర, మశూచి వచ్చినప్పుడు పొలిమేర కట్టడి చేయుట మన పల్లెలకు పాత ఆచారమే. ఆచారమును తెలిసిన అధికారి దీనిని రెండు విధములుగా చూడగలడు. ప్రజలు స్వయముగా కట్టుబడు నియమము ఒకటి సిద్ధముగా ఉన్నదని సంతోషింపవచ్చును. అదే కంప, పట్నమునుండి తిరిగివచ్చు ఊరి బిడ్డను, ఆసుపత్రికి పోవలసిన గర్భిణిని ఆపునని జాగ్రత్తపడవలెను. మూఢాచారమని తోసివేసినను, మన సంస్కృతియని పొగడి ఊరకున్నను పని జరుగదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది నింద. మార్చి చివర ఢిల్లీ నిజాముద్దీన్ మత సమావేశమునకు పోయి వచ్చినవారి ద్వారా వ్యాధి పలు రాష్ట్రములకు చేరినదని తెలిసిన పిదప, ఒక మతమువారినందరిని అనుమానించు ధోరణి దేశములో ప్రబలినది. వ్యాధి మతమును చూచి రాదు. ప్రయాణమును, గుంపును చూచి వచ్చును. పెండ్లి గుంపైనను, ఎన్నికల గుంపైనను దానికి ఒక్కటే. నిందకు భయపడినవాడు తాను ఎచ్చటికి పోయినదియు చెప్పడు. చెప్పనిచో వ్యాధి జాడ తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, రెడ్‌క్రాస్ సంఘముల సమాఖ్య 2020 ఫిబ్రవరిలోనే ఈ విషయమై ఒక మార్గదర్శిని ప్రకటించినవి. నిందను ఆపుట దయాధర్మము మాత్రమే కాదు, వ్యాధి నివారణ పద్ధతి కూడ.

శాస్త్రము యొక్క శక్తి, దాని హద్దు

ఇట్టి జ్ఞానము ప్రాణములను కాపాడునని ఆఫ్రికా అనుభవము తెలుపుచున్నది. 2014లో గినీ, సియెర్రా లియోన్, లైబీరియా దేశములలో ఎబోలా ప్రబలినది. శవమును కడిగి, తాకి వీడ్కోలు చెప్పు ఆచారము వలన వ్యాధి అంటుకొనుచుండెను. మొదట అధికారులు శవములను సంచులలో చుట్టి తీసికొనిపోయినారు. బంధువులు శవములను దాచినారు. ఆ సెప్టెంబరులో గినీలోని వోమే గ్రామమునకు ప్రచారమునకై పోయిన బృందములో ఎనిమిదిమందిని గ్రామస్థులు చంపివేసినారు. ఇది పూనా కథయే. నూరేండ్లకు పైబడిన తరువాత మరల జరిగినది. అటుపిమ్మట మానవశాస్త్రజ్ఞుల సలహాతో ప్రార్థనకు అవకాశమిచ్చి, బంధువులు దూరమునుండి చూచునట్లు ఏర్పాటు చేసి, గౌరవముతో ఖననము చేయు పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించినది. వ్యాధి తగ్గుటకు తోడ్పడిన కారణములలో ఇదియు ఒకటి.

అయితే సాంఘిక శాస్త్రము పేర చెప్పిన ప్రతి మాటయు నిజము కాదు. 2020 మార్చిలో ఇంగ్లండులో, ఆంక్షలు ముందుగా విధించినచో ప్రజలు విసిగిపోయి పాటింపరను వాదము వినవచ్చినది. ఆరువందలకు పైగా శాస్త్రజ్ఞులు ఈ మాటకు ఆధారము ఏదియని బహిరంగ లేఖలో ప్రశ్నించినారు. ప్రయోగశాలలో వలెనే ఇచ్చటను ఆధారము అడుగవలెను. ఎందరిని అడిగినారు, ఏ భాషలో అడిగినారు, ఎవరిని అడుగక వదలినారు అను మూడు ప్రశ్నలకు బదులు లేని సర్వేను నమ్మరాదు. ఫోను మీద చేసిన సర్వేలో ఫోను లేని కొలాము కుటుంబము కనిపింపదు. కనిపింపనివాడు విధానములోను కనిపింపడు.

ఉన్నత పాఠశాలలలో సాంఘిక శాస్త్రము పరీక్షకై వల్లె వేయు పాఠముగా మాత్రమే మిగిలిపోరాదు. ఒక తరగతి విద్యార్థులు తమ ఊరి పటము గీసి, మంచినీటి బావులు, బోర్లు, ఒంటిగది ఇండ్లు, ఒంటరి వృద్ధులు, వలస పోయిన కుటుంబములు, ఇంటిలో మాట్లాడు భాషలు గుర్తింపవచ్చును. ప్రతి సంవత్సరము దానిని సరిచూడవచ్చును. ఎవరి పేరును బయటపెట్టక, అడిగినవారి గౌరవమునకు భంగము కలుగనీయక ఈ పని చేయుట కూడ శాస్త్ర శిక్షణలో భాగమే. లండను మతగురువు వైట్‌హెడ్ చేసినది ఇట్టి పనియే; మార్లవాయి గుడిసెలో హైమన్‌డార్ఫ్ దంపతులు చేసినదియు ఇదియే.

మరియొక మహమ్మారి ఎప్పుడు వచ్చునో చెప్పజాలము. అది ఏ రైలులో వచ్చి ఏ స్టేషనులో దిగునో తెలియదు. దాని సూక్ష్మజీవి క్రొత్తది కావచ్చును. దానికి మందు కనుగొనుటకు కాలము పట్టవచ్చును. కాని అది నడువబోవు దారులు మన ఊళ్లలో ఇప్పుడే ఉన్నవి. వాటిని శాంతముగా ఉన్న దినములలో తెలిసికొని, వ్రాసి, చదివి, పాలించువారి చేతికి అందజేయుటయే సాంఘిక శాస్త్రము చేయవలసిన సేవ.